ఐదున్నర గంటల తేడా

ఆర్కుట్ రోజులవి. సైబర్ సెల్‌లో నేను కొత్త ఎస్సైని. ఐటీ చట్టం కేసుల్ని ఇన్‌స్పెక్టర్ కంటే కింది స్థాయివాళ్లు దర్యాప్తు చేయకూడదు. కాబట్టి కాగితాల్లో కేసు ఆయనది, తిరుగుడు నాది.

ఆర్కుట్‌లో ఒకమ్మాయి పేరుతో దొంగ ప్రొఫైల్ పెట్టి ఎవడో వేధిస్తున్నాడు. లాగిన్ అయిన ఐపీ అడ్రసు, టైము మా చేతికొచ్చాయి. ఇంటర్నెట్ కంపెనీకి లేఖ రాస్తే ఆ టైముకు ఆ ఐపీ ఎవరి కనెక్షన్‌కు ఉందో చెప్పారు. పొద్దున్నే వెళ్లి తలుపు తట్టాం. రిటైరైన లెక్కల మాస్టారు. లుంగీ, చేతిలో కాఫీ గ్లాసు. వెనక ఆయన భార్య మా యూనిఫాంలు చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు.

మాకొచ్చిన టైము గ్రీన్‌విచ్‌ది. దానికి ఐదున్నర గంటలు కలపకుండా మన టైమనుకుని లేఖ రాసేశాం. ఒకే ఐపీ పొద్దున ఒకరింట్లో, మధ్యాహ్నం ఇంకొకరింట్లో ఉంటుంది మరి. మర్నాడు క్షమాపణ చెప్పడానికి వెళ్తే మాస్టారు అంతా విని, "కూడిక మర్చిపోయారన్నమాట" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

తర్వాత యూనిఫాం వదిలి ఓ ప్రైవేటు కంపెనీలో చేరాను. జీతం కోసమే, దాపరికమేముంది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వచ్చింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే విడుదలైంది. సర్వర్లు ఆపితే పని ఆగుతుందని మావాళ్లు వేయలేదు. మొదట ఏ మెషీన్‌కు సోకిందో తేల్చడానికి కూర్చున్నాను. ఫైర్‌వాల్ గడియారం ఏడు నిమిషాలు ముందు, ఓ సర్వర్ పదకొండు నిమిషాలు వెనక. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో! పోలీసు కంప్లయింటు ఇద్దామంటే పేరు పోతుందన్నారు. ఒకప్పటి పోలీసుని, నోరు మూసుకున్నాను.

ఇప్పుడు ప్రభుత్వ విభాగంలో సలహాదారుని. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చినప్పుడు అందరూ సైబర్ దాడి సంగతి 6 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన మీదే గొడవపడ్డారు. 180 రోజుల లాగ్‌లు దాచాలన్నదాని మీద ఇంకొంత. నా కళ్లు మాత్రం మొదటి అంశం దగ్గరే ఆగిపోయాయి: సిస్టమ్‌ల గడియారాలన్నీ ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైముతో కలవాలి. మాస్టారు గుర్తొచ్చారు.

మొన్న ఓ ఆఫీసులో తనిఖీకి వెళ్లాను. సీసీటీవీ తెర మీద తేదీ 1970 జనవరి 1.

"బొమ్మ బాగానే వస్తోంది కదా సార్" అన్నాడు ఆపరేటర్.

కుర్చీ లాక్కుని సెట్టింగ్స్ తెరిచాను.