గొట్టంలో దెబ్బ, నాడిలో దెబ్బ

ఆరోగ్య విషయాలు రాసే చోట కుళాయి గొట్టాల ప్రస్తావన ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. గత వర్షాకాలంలో మా ఇంట్లో మొదలైన ఒక చప్పుడు నన్ను వైద్య కళాశాలలో విన్న పాఠాల వరకు తీసుకువెళ్ళింది. మా గేటు దగ్గరి మురుగుకాలువ వరకు కూడా తీసుకువెళ్ళింది. ఈ రెండవ ప్రయాణం కోసమే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు సింహాచలం కొండ దిగువన, 1970ల చివర కట్టినది. గోడలలోను, నేలలోను ఉన్నవన్నీ ఆనాటి జీఐ గొట్టాలే. మా వీధికి తెల్లవారుజామున నాలుగున్నరకు నీరు వస్తుంది. ముందుగా నేలలోని సంపు నిండుతుంది, ఆపైన మోటారు వేసి మేడమీది ట్యాంకుకు ఎక్కించుకుంటాము. అయిదు గంటలు కావస్తుండగా ఎవరో సుత్తితో గోడను కొడుతున్నట్టు శబ్దం మొదలయ్యేది. పావుగంట సాగి, వీధిలో నీరు ఆగగానే ఆగిపోయేది. మా బంధువు ఒకరు ఈశాన్యంలో దోషమున్నదన్నారు. ఆయన ఏ శబ్దం విన్నా ఈశాన్యమే అంటారు!

నా శ్రీమతికి పన్నెండేళ్ళుగా రక్తపోటు ఉన్నది. మాత్రలతో అదుపులోనే ఉండేది. చప్పుడు మొదలైన మూడు వారాలకు ఆమె ఉదయపు కొలతలు 160 దాటసాగాయి. “ఏమండీ, చప్పుడు రాకముందే మెలకువ వచ్చేస్తోంది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కాచుకుని పడుకోవలసి వస్తోంది” అన్నది. నిద్రలో వినిపించే హఠాత్ శబ్దానికి మనిషి మేల్కొనకపోయినా గుండె వేగమూ, రక్తపోటూ కొంతసేపు పెరుగుతాయి. పడకగదిలో రాత్రివేళ ఏ ఒక్క శబ్దమూ 45 డెసిబెళ్ళు మించకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. మా గోడలోని దెబ్బ వీధి చివర ఇంటివారికి కూడా వినిపించేది.

ప్లంబరు వచ్చి, కాసేపు విని, “గొట్టంలో గాలి పట్టేసిందండి డాక్టరు గారూ” అన్నాడు. రోగి నొప్పి అనగానే మందు రాసే అలవాటు నాకు లేదు. ఎప్పుడు, ఎక్కడ, దేనివల్ల ఎక్కువ, దేనివల్ల తక్కువ అని అడగాలి. మరునాడు తెల్లవారుజామున పాత స్టెతస్కోపు తీసి గొట్టం వెంబడి పెట్టుకుంటూ పోయాను. (మా మనుమరాలు దీనిని ఫోనులో చిత్రీకరించి బంధువులందరికీ పంపింది.) వంటింట్లో మందంగా ఉన్న శబ్దం సంపు దగ్గర చెవులు బద్దలయ్యేలా ఉన్నది. మూత తీసి టార్చిలైటు వేసి చూశాము. సంపు దాదాపు నిండినది. పైనుంచి పడే ధారకు నీటి మీద అలలు లేస్తున్నాయి. ఆ అలల మీద బాల్ వాల్వు బంతి ఎగిరెగిరి పడుతున్నది. బంతి లేచినప్పుడల్లా వాల్వు టక్కున మూసుకుంటున్నది, దిగగానే తెరుచుకుంటున్నది. ప్లంబరు చేయి పెట్టి బంతిని కదలకుండా పట్టుకున్నాడు. చప్పుడు ఆగిపోయింది.

దీనినే వాటర్ హామర్ అంటారు. పరుగెత్తే నీటిని హఠాత్తుగా ఆపితే దాని వేగమంతా ఒత్తిడిగా మారుతుంది. రష్యా శాస్త్రవేత్త జూకోవ్‌స్కీ 1897–98లో మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి దీని లెక్క తేల్చాడు. ఇనుప గొట్టంలో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఒక్కసారిగా ఆపితే, వాతావరణ పీడనానికి సుమారు 13 రెట్ల అదనపు ఒత్తిడి పుడుతుంది. మేడమీది ట్యాంకు కింది కుళాయి మీద వేసే ఒత్తిడి ఒక రెట్టు కూడా ఉండదు. సింహగిరి మీద గంగధార రాత్రింబవళ్ళు పారుతున్నా ఏనాడూ ఇలా కొట్టదు. దానికి ఎవరూ కుళాయి బిగించలేదు కదా!

ఆ ఒత్తిడి గొట్టం వెంట అలగా వెనక్కి పోతుంది, తిరిగి వస్తుంది. ఎదురొచ్చిన ప్రతి జాయింటునూ ఒకసారి బయటికి నెట్టి, మరొకసారి లోపలికి పీలుస్తుంది. వీధి నుంచి మా సంపుకు వచ్చే గొట్టం గేటు దగ్గర మురుగుకాలువ అడుగునుంచి పోతుంది. అక్కడ తవ్వించి చూస్తే జాయింటు వదులై, చుట్టూ మట్టి నల్లగా నానిపోయి ఉన్నది. నీరు వస్తున్నంతసేపూ మంచినీరు బయటికి కారుతుంది. నీరు ఆగి గొట్టం ఖాళీ అవుతున్నప్పుడు అదే సందులోంచి మురుగు లోపలికి పోతుంది. గంటసేపు నీరు వచ్చి తక్కిన రోజంతా ఖాళీగా ఉండే మన గొట్టాలలో ఈ ప్రమాదం ప్రతిదినమూ ఉంటుంది.

మా కింది వాటాలో అద్దెకున్నవారి అబ్బాయికి ఆ నెలలోనే కామెర్లు వచ్చాయి. రక్తపరీక్షలో హెపటైటిస్ ఏ అని తేలింది. కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వచ్చే జబ్బు అది. పిల్లవాడు కోలుకున్నాడు. మా జాయింటే కారణమని నేను నిరూపించలేను, వాడు బడిలోనూ నీళ్ళు తాగుతాడు, వీధిలో పానీపూరీ తింటాడు. కానీ ఆ నల్లమట్టిని చూసిన తరువాత నాకు ఇక నిరూపణ అవసరం కనిపించలేదు. ఆ సాయంత్రమే సంపును, ట్యాంకును కడిగించాము. ఆ తరువాత కొన్నాళ్ళు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగు పౌడరు కలిపి, గంటసేపు ఆగి వాడుకున్నాము. తాగేనీరు కాచుకునే తాగాము.

మరమ్మతు విషయంలో ప్లంబరుకూ నాకూ చిన్న వాదన జరిగింది. ధారను పొడిగించి గొట్టం చివరను నీటిలో ముంచేస్తే అలలు లేవవని అతడి సలహా. అలలు లేవవు, నిజమే. కానీ వీధిలో నీరు ఆగినప్పుడు సంపులోని నీరు వెనక్కి పీల్చుకొని ఇరుగుపొరుగు గొట్టాలలోకి పోతుంది. గొట్టం చివరకూ నీటి మట్టానికీ మధ్య ఖాళీ తప్పనిసరిగా ఉండాలి. దానికి బదులు బంతి చుట్టూ చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను అమర్చాము. అలలు డబ్బా బయటే ఆగిపోతాయి, బంతి నెమ్మదిగా లేస్తుంది. గేటు దగ్గర గొట్టాన్ని మార్చి, మురుగుకాలువ పైనుంచి, తొడుగు గొట్టంలోంచి తెచ్చాము. వదులైన క్లాంపులన్నీ బిగించాము. వాల్వుకు కాస్త ముందు ఒక టీ వేసి, అడుగున్నర పొడవు గొట్టం ముక్కను నిటారుగా నిలబెట్టి పైన మూత బిగించాము. అందులో ఉండేది గాలి. నీరు వెనక్కి తన్నినప్పుడు ఆ గాలి నొక్కుకుపోయి దెబ్బను మింగుతుంది.

“గాలి పట్టిందని నేనంటే, మీరు గాలి పెట్టించారండి!” అని ప్లంబరు నవ్వాడు. రోజంతా నీరుండే ఊళ్ళలో ఈ గాలి క్రమంగా నీటిలో కరిగిపోతుంది, అప్పుడప్పుడు నీరు ఖాళీ చేసి గాలి నింపుకోవాలి. మా గొట్టం రోజూ ఖాళీ అవుతుంది కనుక గాలి దానంతటదే నిండుతున్నది. గంటసేపే వచ్చే నీటివల్ల కలిగిన లాభం ఇదొక్కటే.

ఇప్పుడు నాడి సంగతి. మేము విద్యార్థులుగా ఉన్న కాలంలో కింగ్ జార్జి ఆసుపత్రి వార్డులలో రుమాటిక్ జ్వరంవల్ల బృహద్ధమని కవాటం చెడిన యువకులు తరచు కనిపించేవారు. రోగి చేతిని పైకెత్తి ముంజేతిని అరచేతితో చుట్టి పట్టుకుంటే నాడి టక్కున కొట్టి వెంటనే జారిపోయేది. డబ్లిన్ వైద్యుడు కారిగన్ 1832లో ఈ వ్యాధిని వర్ణించాడు. తరువాత లండన్ వైద్యుడు వాట్సన్ ఈ నాడిని వాటర్ హామర్ అనే బొమ్మతో పోల్చాడు. గాలి తీసేసి కొంత నీరు పోసి మూసిన గాజు గొట్టం అది. తలకిందులు చేస్తే అడ్డుకునే గాలి లేక నీరు ముద్దగా పడి ఠంగుమంటుంది.

ఆరోగ్యవంతుడి బృహద్ధమని మా గేటు దగ్గరి గాలిగొట్టం చేసే పనినే చేస్తుంది. గుండె తోసిన రక్తానికి సాగి చోటిస్తుంది, గుండె విశ్రమించినప్పుడు ముడుచుకొని రక్తాన్ని ముందుకు పంపుతుంది. వయసుతో అది బిరుసెక్కుతుంది. అందుకే పెద్దవారిలో పై అంకె పెరిగి కింది అంకె తగ్గుతుంది. “కింది అంకె బాగానే ఉంది కదా డాక్టరు గారూ” అని మందు మానేసేవారు మా వీధిలోనే నలుగురున్నారు. 170/70 బాగున్న రక్తపోటు కాదని వారికి ఎన్నిసార్లు చెప్పినా చాలదు. ఉప్పు తగ్గించడం, నడక, పొగ మానడం, వేళకు మాత్ర వేసుకోవడం తప్ప ధమనికి బిగించే మూతగొట్టమేదీ లేదు.

మరమ్మతు జరిగిన నెల రోజులకు నా శ్రీమతి ఉదయపు కొలతలు 140 దరికి దిగాయి. మాత్ర మార్చలేదు. ఒక్క మనిషి కొలతలతో శాస్త్రం తేలదు కానీ, ఆమె ఇప్పుడు ఆరు వరకు నిద్రపోతున్నది. కరెంటు పోయి మోటారు ఆగినప్పుడు నాన్ రిటర్న్ వాల్వు ఒక్కసారి ధడేలుమంటుంది. స్ప్రింగు ఉన్న రకం తెచ్చి పెడతానని ప్లంబరు అన్నాడు. వాషింగ్ మెషీను వాల్వు మూసుకున్నప్పుడు కూడా ఒక చిన్న దెబ్బ వినిపిస్తుంది. దానిని పగటిపూటే వేసుకుంటున్నాము.