వేగానికొక చోటు



మేము ముగ్గురము మిత్రులము. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాద్, ఒకరిది భూపాలపల్లి. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడును మూడు వేర్వేరు జిల్లాలైనవి గాని, మోటారు సైకిలు మీది మోజు మమ్ములను విడిపోనివ్వలేదు. ఆ మోజు మమ్ములను ఎక్కడికి తీసుకొనిపోయినదో, చివరకు ఏమి నేర్పినదో ఈ సంచిక ద్వారా మనవి చేయదలచినాము. ఇది గొప్ప కొరకు వ్రాసినది కాదు.

మా ప్రాంతపు రోడ్ల సంగతి మీకు తెలియనిది కాదు. జనగామ వద్ద హైదరాబాదు రహదారి విశాలమైనదే. కాని ఏ క్షణమున ఏ ట్రాక్టరు ఎదురు దిక్కున వచ్చునో చెప్పలేము. మహబూబాబాద్ పల్లెలలో కోతల కాలమున సగము రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకటిలో ఆ కుప్ప కనబడదు. భూపాలపల్లి దారిలో బొగ్గు లారీలు. వాటి నుండి రాలిన పొడి మలుపులలో పేరుకొని వుంటుంది. ఇవన్నీ తెలిసియుండి కూడా మేము ఒక సాయంకాలము పరకాల దాటిన తరువాత పందెము కట్టినాము. ఒక మలుపులో భూపాలపల్లి మిత్రుని బండి జారినది. కుడికాలు రెండు చోట్ల విరిగినది. నేటికి కూడా ఆ మోకాలు పూర్తిగా వంగదు. తన తరువాత కొడుకు బొగ్గుబావిలో పనికి చేరునని ఆశపడిన ఆ తండ్రి, మమ్ములను ఒక్క మాట అనలేదు. అనియుంటే బాగుండునని మాకు నేటికీ అనిపిస్తుంది.

తరువాత చాలా నెలలు మేము బండి ముట్టలేదు. అప్పుడు జనగామలో మా బండ్లు బాగుచేసే ఉస్తాద్ మమ్ములను పిలిచి, "బేటా, స్పీడు తప్పు గాదు. మీరు కొట్టిన జాగ తప్పు" అన్నారు. పడుచుతనములో ఆయన మద్రాసు దగ్గర షోలవరం పందెములు చూచి వచ్చినవారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానముల రన్‌వే మీద ఆ పందెములు జరిగేవి. 1990లో ఇరుంగట్టుకోట్టై వద్ద అసలైన ట్రాకు వచ్చిన తరువాత పందెములు అక్కడికి మారినవి. ఆయన మాట పట్టుకొని, పైకము కూడబెట్టి, అక్కడి ఒక శిక్షణ శిబిరములో ఇద్దరము పేర్లు వ్రాయించుకొన్నాము. మూడవ మిత్రుడు కూడా వస్తానన్నాడు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకొని బయలుదేరినాడు.

ఆ ట్రాకు చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. తెల్లవారగానే తోలు దుస్తులు, చేతి తొడుగులు, బూట్లు, ముఖమంతా కప్పే హెల్మెట్ తొడిగించినారు. బండి అద్దములు విప్పి, లైటుకు టేపు అంటించినారు. పడితే గాజు పెంకులు ట్రాకు మీద చెదరకుండుటకు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదమున్నది, ఎవరినీ దాటరాదు. ఎర్రజెండా చూపితే అందరూ మెల్లగా వెనుకకు రావలెను. ఈ పాఠము తరువాతనే తాళము చేతికిచ్చినారు.

ఒక్కొక్క విడత ఇరువది నిమిషములు. మొదటి చుట్టులో టైర్లు చల్లగా వుంటాయి, పట్టు వుండదు గనుక మెల్లగా పొమ్మన్నారు. బ్రేకు మలుపులో కాదు, మలుపునకు ముందే వేయవలెనని, చూపు ముందు చక్రము మీద గాక మలుపు తీరే చోట నిలుపవలెనని గురువు పదే పదే చెప్పినారు. వేగము రెండింతలైతే బండి ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలగునని భౌతికశాస్త్రములో చదివినదే. ఆనాడు అది మా చేతులకు అర్థమైనది. జనగామ రోడ్డు మీద మమ్ము మించినవాడు లేడనుకొన్న మాకు మొదటి చుట్టు మూడు నిమిషములు దాటినది. ఎందరో మమ్ము దాటిపోయినారు. సిగ్గు వేసినది, ఆ సిగ్గే మంచి చేసినది. చెప్పినట్లు ముందే బ్రేకు వేసి, చూపు దూరముగా నిలిపిన కొలది సమయము తగ్గినది. చివరి చుట్టు 2 నిమిషముల 41 సెకన్లు.

రెండవ విడతలో మహబూబాబాద్ మిత్రుడు తొందరపడి మలుపులో బ్రేకు నొక్కినాడు. బండి జారి, ఇద్దరూ పక్కనున్న ఖాళీ నేల మీదికి కొట్టుకొనిపోయినారు. వెంటనే పసుపు జెండా లేచినది. వెనుక వచ్చేవారు వేగము తగ్గించినారు. క్షణములో మనుషులు పరుగెత్తి వచ్చినారు. వాడు దులుపుకొని లేచినాడు. మోచేతి వద్ద తోలు గీరుకున్నది, అంతే.

మేము తిరిగి వచ్చేసరికి భూపాలపల్లి మిత్రుడు గోడ దగ్గరనే నిలబడి వున్నాడు. పరుగెత్తలేడు గదా! స్టాప్‌వాచ్ ఆపుట మరచినాడు. అది తిరుగుతూనే వున్నది. "ఆ రోజు నేను గిట్లనే పడ్డ. అక్కడ జెండా ఊపెటోడు లేకుండె" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

ఐల్ ఆఫ్ మాన్ అను ద్వీపములో 1907 నుండి రోడ్లు మూసి మోటారు సైకిలు పందెములు జరుపుతున్నారు. అక్కడ రోడ్డు మూసినా గోడలు, చెట్లు అట్లే వుంటాయి. అందుచేత ఎందరో వీరులు ప్రాణములు కోల్పోయినారు. 1972లో పార్లొట్టి అను ఇటలీ వీరుడు మరణించిన తరువాత, ఎన్నో మారులు జగజ్జేత అయిన అగొస్టిని మరల అక్కడ పోటీ చేయలేదు. 1976 తరువాత ఆ పందెమును ప్రపంచ పోటీల నుండి తొలగించినారు. అంతటివారే వెనుకాడిన పనిని మేము వడ్ల కుప్పల మధ్య, బొగ్గు లారీల మధ్య చేసినాము. మన దేశపు 1988 మోటారు వాహనముల చట్టములో 189వ సెక్షను ప్రభుత్వ అనుమతి లేని రోడ్డు పందెమును నేరమన్నది. 129వ సెక్షను హెల్మెట్ తప్పదన్నది. ఆ చట్టము మేము చదువలేదు; చదివించిన వారూ లేరు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపము. హెల్మెట్ లేని బండిని గేటు లోపలికి రానివ్వకండి. సంవత్సరమునకొక మారు ఖాళీ మైదానములో బ్రేకు వేయుట, మలుపు తిరుగుట నేర్పించండి. ఆ పాఠము చెప్పుటకు మా భూపాలపల్లి మిత్రుడు సిద్ధముగా వున్నాడు. నిలబడి చెప్పుట కష్టము గనుక, కుర్చీ ఒకటి వేయించగలరు.