ఒకే మైదానము, రెండు పోటీలు

1933వ సంవత్సరము జూలై 6వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున, కోమిస్కీ పార్కు అను మైదానమునందు, బేస్‌బాల్ ఆటలో మేటివారు రెండు పక్షములుగా ఏర్పడి తలపడిరి. బేబ్ రూత్ బంతిని ప్రేక్షకుల నడుమ పడునట్లు కొట్టెను. జనులు జయజయధ్వానములు చేసిరి. కాని ఆ మేటివారిలో నల్లజాతివాడు ఒక్కడును లేడు. నేర్పు లేక కాదు. చర్మపు రంగును చూచి వారిని పెద్ద సంఘములలో చేర్చుకొనకుండిరి.

ఆ యేడే సెప్టెంబరు 10వ తేదీన అదే మైదానమున నల్లజాతి క్రీడాకారులు తమ పోటీని తామే జరుపుకొనిరి. దానికి తూర్పు-పడమర పోటీ యని పేరు. ఆటగాండ్రను ఎన్నుకొన్నవారు నల్లజాతి పత్రికల పాఠకులు. 1943లో ఆ పోటీని చూడ 50,000 మందికి పైగా వచ్చిరి!

బంతిని కొట్టుటలో జోష్ గిబ్సన్‌కు సాటి యెవరు? అతడు 1947 జనవరిలో, 35వ యేట మరణించెను. మూడు మాసములైన గడవకముందే జాకీ రాబిన్సన్ పెద్ద సంఘపు జట్టులో అడుగిడెను. 1949లో రాబిన్సనుతో కూడ నలుగురు నల్లజాతివారు మేటి జట్లలో ఆడిరి.

సాచెల్ పేజ్ మాత్రము వేచి యుండెను. 1934లో తూర్పు జట్టును ఒక్క పరుగుతో గెలిపించిన ఆ బంతి విసరువానికి 1953లో, సిన్సినాటి నగరమున, 47వ యేట ఆ గౌరవము దక్కెను. పడుచువారు ఆతని బంతులపై రెండు పరుగులు తీసిరి. ఆ బంతులను 1934 నాటి చేయి విసరియుండినచో ఏమయ్యెడిదో!