కప్పలు చిమ్ము నీరు

ఫ్రాన్సు దేశమున పారిస్ నగరమునకు సమీపముననే వెర్సాయ్ పట్టణము కలదు. ఉద్యోగవిరమణానంతరము అచ్చటి రాజోద్యానమును చూచు భాగ్యము నాకు కలిగినది. అందు శిల్పములతో కూడిన జలయంత్రములు పెక్కు. వానిలో నా కాళ్ళను కదలనీయనిది లటోనా జలయంత్రము.

రోమకుల పురాణములలో లటోనా సూర్యదేవుడగు అపోలోకును, డయానాకును తల్లి. జూనో దేవి కోపమునకు గురియై, ఆమె కవలపిల్లలతో లిసియా దేశమున తిరుగుచు, దప్పిగొని ఒక కొలను చేరెను. అచ్చటి పల్లెవారు ఆమెను నీరు త్రాగనీయలేదు. పైపెచ్చు కొలనిలోనికి దుమికి అడుగుబురదను కలచిరి. వేసవిలో చలివేంద్రములు పెట్టుకొను మనకు ఆ తల్లి కడుపుమంట ఇట్టే తెలియును. ఎల్లకాలము ఆ మడుగులోనే పడియుండుడని ఆమె శపింపగా వారు కప్పలైరి.

మార్సీ సోదరులు 1668–70 నడుమ ఈ శిల్పములను మలచిరి. నడుమ బిడ్డలతో పాలరాతి లటోనా. చుట్టును సీసముతో పోతపోసి బంగారుపూత పూసిన పల్లెవారు, కప్పలు. మార్పు ఇంకను పూర్తికాని మనుష్యులను చూడవలెను! ఒకని దేహము మనిషిది, నోరు మాత్రము కప్పది. వాడు కేక వేయబోవుచున్నట్లుండును, వెలువడునది నీటిధార. నీరు ఇయ్యనన్నవారే లటోనా వైపు నీరు చిమ్ముచుందురు. నాకు నవ్వు వచ్చినది. ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు.

ఏలయన, వెర్సాయ్ నీటికి కరవైన చోటు. సూర్యుని తన చిహ్నముగా గైకొన్న పదునాలుగవ లూయీ రాజు ఇచ్చటనే వందలకొలది నీటిధారలు కోరెను. 1684 నాటికి మార్లీ వద్ద 14 పెద్ద చక్రముల యంత్రముతో సేన్ నదీజలమును 150 మీటర్లకు పైగా ఎత్తించిరి. చాలలేదు. రాజు సమీపించిన జలయంత్రమును విప్పి, ఆయన దాటగానే కట్టివేయుచుండిరి. అందులకు పనివారు ఈలలతో ఒకరినొకరు హెచ్చరించుకొనెడివారు.

కథ చెప్పినవారు నీటిని అడ్డగించిన పాపమును పల్లెవారిపై మోపిరి. వెర్సాయ్ చరిత్ర చదివిన పిదప నాకు వారిమీద కోపము తగ్గినది.

1685లో యూర్ నదిని ఉద్యానమునకు మళ్ళించుటకై వేలకొలది సైనికులను త్రవ్వకమునకు దింపిరి. జ్వరములతో పెక్కుమంది మరణించిరి. 1688లో యుద్ధము రాగా పని ఆగెను. ఆ నీటివంతెన కమానులు మేంతెనోన్ వద్ద నేటికిని నిలిచియున్నవి. వానిమీదుగా ఒక్క నీటిచుక్కయైనను వెర్సాయ్ చేరలేదు.