చిన్న మాటల పెత్తనం

పిల్లలూ, మీలో ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నేనూ ఒకప్పుడు అలాంటివాణ్ణే. ఆ మార్కులు చూసుకుని మిడిసిపడి, మా ఇంటిల్లిపాదినీ రెండు రోజులపాటు ఎంత క్షోభపెట్టానో చెబుతాను, వినండి.

అది 1961వ సంవత్సరం. మాది బాపట్ల దగ్గర ఒక పల్లెటూరు. నేను థర్డు ఫారం, అంటే ఎనిమిదో తరగతి, చదువుతున్నాను. మా అన్నయ్య మద్రాసులో, అంటే ఇప్పటి చెన్నైలో, హాస్టల్లో ఉండి కాలేజీ చదువు చదువుతున్నాడు. మా నాన్నకు తెలుగు బాగా వచ్చు గాని ఇంగ్లీషు రాదు. అమ్మకు అక్షరాలే రావు. అందుచేత ఇంటికి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా చదివి చెప్పే అధికారం నాదే.

ఒకనాడు మధ్యాహ్నం మద్రాసు నుంచి కార్డు వచ్చింది. అది అన్నయ్య రాసినది కాదు, హాస్టలు వార్డెనుగారు రాసినది. ఆయనకు తెలుగు రాదు. కార్డులో రెండే వాక్యాలున్నాయి. "యువర్ సన్ హాజ్ కమ్ డౌన్ విత్ ఫీవర్" అన్నది మొదటిది. "హి విల్ పుల్ త్రూ" అన్నది రెండోది.

మొదటి వాక్యంలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. "కమ్" అంటే రావడం, "డౌన్" అంటే కిందికి, "విత్" అంటే తో, "ఫీవర్" అంటే జ్వరం. ఇంకేముంది? "అన్నయ్య జ్వరంతో బయల్దేరి వచ్చేస్తున్నాడు," అని చెప్పేశాను.

రెండో వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "పుల్" అంటే లాగడం, "త్రూ" అంటే గుండా. ఎవరు దేన్ని లాగుతారో, ఎందులోగుండా లాగుతారో నాకు బొత్తిగా అంతుపట్టలేదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది. అందుకని ఆ వాక్యాన్ని మింగేశాను.

"ఎందుకైనా మంచిది, మేష్టారికి కూడా ఒకసారి చూపించరా," అన్నాడు నాన్న.

"అక్కర్లేదు నాన్నా. ఇందులో ఏముంది గనక!" అన్నాను నేను.

నాన్న బండి కట్టించి, అందులో గడ్డి పరిచి, గడ్డి మీద బొంత వేయించి, మూడు మైళ్ల దూరాన ఉన్న స్టేషనుకు వెళ్లాడు. అమ్మ గంజి కాచి ఉంచింది. సాయంత్రం పాసింజరులో అన్నయ్య రాలేదు. రాత్రి బండిలోనూ రాలేదు. నాన్న ప్లాటుఫారం మీదే పడుకుని, మర్నాడు అక్కడ ఆగిన బండ్లన్నీ చూసి, ఖాళీ బండితో తిరిగి వచ్చాడు.

"జ్వరంలో ఒళ్లు తెలియక ఏ స్టేషన్లో దిగిపోయాడో నా తండ్రి!" అని అమ్మ ఏడవసాగింది. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మింగేసిన వాక్యం గొంతులోనే అడ్డుపడినట్టయింది.

మూడోనాడు తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా కార్డు పట్టుకుని మా ఇంగ్లీషు మేష్టారింటికి పరుగెత్తాను. ఆయన కార్డు చదివి, నన్నేమీ అనకుండా, కండువా భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చారు.

"అమ్మా, అబ్బాయి ఎక్కడికీ బయల్దేరలేదు. మద్రాసులోనే ఉన్నాడు. జ్వరం వచ్చి మంచాన పడ్డాడు, అంతే. గట్టెక్కుతాడని కూడా ఇందులో రాశారు," అన్నారు.

"గట్టెక్కుతాడని రాశారా, బాబూ?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. తరవాత నాకేసి చూసి, "ఆ ముక్క నాకెందుకు చెప్పలేదురా?" అన్నది.

ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నాన్న ఆ రాత్రి బండికే మద్రాసు వెళ్లాడు. పది రోజుల తరవాత అన్నయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అన్నయ్య చిక్కి సగమయ్యాడు గాని, బండి దిగి తన కాళ్లమీదనే ఇంట్లోకి నడిచివచ్చాడు.

తరవాత ఒకనాడు మేష్టారు నన్ను పిలిచి, నల్లబల్ల మీద "కమ్ డౌన్" అని రాశారు.

"ఒరేయ్, ఇంగ్లీషులో కదలికను చెప్పే మాటలకు తరచు మూడు ముక్కలుంటాయి. మొదటిది క్రియ. రెండోది దిక్కు చెప్పే చిన్న మాట. మూడోది మన విభక్తిలాంటిది. మనం 'జ్వరంతో' అని విభక్తిని పేరు వెనక తగిలిస్తాం. వాళ్లు 'విత్ ఫీవర్' అని పేరుకు ముందు పెడతారు. అందుకే దాన్ని 'ప్రిపొజిషన్' అన్నారు. ముందు ఉంచేది అని ఆ మాటకు అర్థం. నువ్వు మూడు ముక్కలనూ విడివిడిగా చదివావు. కలిపి చూడు," అన్నారు.

ఆయన చెప్పినవి ఇవీ: "కమ్ డౌన్ టు ది విలేజ్" అంటే ఊరికి రావడం. "కమ్ డౌన్ ఆన్ ది బాయ్" అంటే కుర్రవాణ్ణి గట్టిగా మందలించడం. "కమ్ డౌన్ విత్ ఫీవర్" అంటే జ్వరాన పడడం. అదే క్రియ, అదే దిక్కు; చివరి చిన్న మాట మారగానే అర్థమే మారిపోయింది! అంతటితో అయిపోలేదు. "విత్" తరవాత ఏం వచ్చిందో కూడా చూసుకోవాలి. జబ్బు పేరు వస్తే ఒక అర్థం. "విత్ ఎ ఫ్రెండ్" అని వస్తే, స్నేహితుడితో కలిసి నిజంగా వచ్చాడనే అర్థం.

ఇలాంటివి మీరూ గమనించవచ్చు. "వాక్ అవుట్ ఆఫ్ ది హౌస్" అంటే ఇంట్లోంచి బయటికి నడవడం. ఇల్లు దాటి అంగడికి వెళ్లినా ఆ మాటే. కాని "వాక్ అవుట్ ఆన్ ది ఫ్యామిలీ" అంటే భార్యాబిడ్డలను వదిలేసి పోవడం! క్రికెట్‌లో "రన్ అవుట్" మీకు తెలిసిందే. "రన్ అవుట్ ఆఫ్ షుగర్" అంటే మాత్రం ఎవరూ పరుగెత్తరు. డబ్బాలో పంచదార నిండుకున్నదన్నమాట.

మనకు ఇవి కష్టంగా తోచడానికి ఒక కారణం ఉన్నది. తెలుగులో ఎక్కడం, దిగడం, దాటడం అని దారి క్రియలోనే ఇమిడి ఉంటుంది. "ఎక్కాడు" అంటే చాలు, "పైకి" అని వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషువాడు క్రియలో కదిలే తీరును చెప్పి, దారిని చిన్న మాట మీద పెడతాడు. మనం "పాకుతూ బయటికి వచ్చాడు" అంటే, వాడు "క్రాల్డ్ అవుట్" అని రెండు మాటల్లో ముగిస్తాడు. దారి చెప్పే క్రియలు ఇంగ్లీషులోనూ లేకపోలేదు. "ఎంటర్", "డిసెండ్" అలాంటివే. అవి లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చాయి. "గో ఇన్", "గో డౌన్" మాత్రం ఇంగ్లీషుకు పుట్టింటి సొత్తు.

1755లో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ కూడా, పరాయి దేశాలవారికి మిక్కిలి కష్టం కలిగించేవి ఈ జంట క్రియలేనని తన పీఠికలో ఒప్పుకున్నాడు. వీటికి "ఫ్రేజల్ వెర్బ్స్" అనే పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంలో కనిపిస్తుంది. కాబట్టి తెలియకపోవడంలో సిగ్గేమీ లేదు.

అసలు మన భాష మాత్రం తక్కువదా? "దారిలో వచ్చాడు" అంటే నడిచివచ్చాడు. "దారికి వచ్చాడు" అంటే బుద్ధి తెచ్చుకున్నాడు. చివర "లో" పోయి "కి" రాగానే మనిషే మారిపోయాడు! "పుల్ త్రూ" కూడా అలాంటిదే. నీళ్లలో పడినవాడు ఈది గట్టెక్కినట్టు, జబ్బులోంచి బయటపడడమే అది.

ఇప్పటికీ ఏ ఉత్తరం చదివినా నేను చిన్న మాటల దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. తెలియకపోతే తెలియదంటాను. మీరు కూడా, అర్థం కాని వాక్యాన్ని మాత్రం ఎన్నడూ మింగెయ్యకండి. ఎవరో ఒక అమ్మ ఆ వాక్యం కోసమే ఎదురుచూస్తూ ఉండవచ్చు.