ఎడమ చేతి కొడవలి

మేం కొండ కమ్మర్లం. పాడేరు ఘాటీ ఎక్కి లోపలికి పోతే మా ఊరు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా. నా చిన్నప్పుడు మాత్రం అందరూ విశాఖ ఏజెన్సీ అనే అనేవారు. ఊరి చివర చింతచెట్టు కింద మా కొలిమి ఉండేది. బడి లేనప్పుడల్లా తిత్తి ఊదడం నా పని. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు మా అయ్య చేతి మీదుగానే పోయేవి. డబ్బు చేతిలో పడటం తక్కువ. కుప్పనూర్పులప్పుడు ప్రతి కళ్లంలోనూ మా మేర మాకు కొలిచి పెట్టేవారు.

ఇప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో పంతుల్ని. బోర్డింగు పిల్లలు సాయంత్రాలు అడుగుతుంటారు, "సార్, మీరు కమ్మరోళ్లు కదా, తుపాకీ చెయ్యడం మీకొచ్చా?" అని. ఆ ప్రశ్నకు నేను చాలా ఏళ్లు నవ్వి ఊరుకున్నాను. ఈసారి జవాబు రాస్తున్నాను.

ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో దూలానికి నాటు తుపాకీ వేలాడుతూ ఉండేది. గొట్టం మూతిలోంచి మందు కూరేది. పంట మీదికి పందులు దిగితే బెదిరించడానికి, చైత్రంలో ఇటుకల పండగ వేటకి దాన్ని దించేవారు. పండగ వేటకి పోయి ఉత్త చేతులతో వస్తే ఊరి ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారని మీకు తెలుసు. ఆ నవ్వులాటకి భయపడని మగవాడు లేడు. మా మావ, అంటే మా అమ్మ అన్న, మరీ రోషగాడు.

నాకు పదేళ్లప్పుడు, పండగ ఇంకో వారం ఉందనగా, మావ గోనెసంచిలో చుట్టి తన తుపాకీ తెచ్చాడు. గొట్టం మీద వెంట్రుక మందాన పగులు.

"బావా, ఇది కాస్త అతికీసి ఇవ్వు."

అయ్య దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇది అతికే పని కాదు. పారీ."

"పండగకి వట్టి చేతుల్తో పొమ్మంటావేటి? కర్రులు అతుకుతున్నావు, గునపాలు అతుకుతున్నావు. దీనికేటొచ్చింది?"

ఇద్దరూ చాలాసేపు వాదులాడుకున్నారు. లోపల్నించి అమ్మ ఒక్క మాటంది, "మా అన్న అడక్క అడిగేడు" అని. అయ్య ఇంక మాట్లాడలేదు. ఎర్రగా కాల్చిన ఇనప పట్టీని పగులు మీద చుట్టి బిగించాడు. తిత్తి ఊదింది నేనే.

పండగ మూడో రోజు మధ్యాహ్నం మావని మంచం మీద మోసుకొచ్చారు. తుపాకీ పేలింది గానీ గుండు బయటికి పోలేదు, గొట్టమే చీలిపోయింది. గొట్టాన్ని పట్టుకున్న ఎడమ చేతిలో నడిమి మూడు వేళ్లూ పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. చెంప మీద మందు కాలిన నల్ల చుక్కలు ఈనాటికీ ఉన్నాయి. డోలీ కట్టి రోడ్డు దాకా మోసి, అక్కణ్నించి జీపులో ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఆ రాత్రి అయ్య అన్నం ముట్టలేదు. చాలా రోజుల తర్వాత నాకు చెప్పాడు. "కత్తికి పగులుంటే ఇరిగి కింద పడద్ది. గొట్టానికి పగులుంటే మనిషి మీద పడద్ది. పైన కట్టు కడితే లోపలి పగులు మానదురా. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ కట్టేను."

ఆ "తెలిసీ" అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే నా జవాబు ఇది. నాటు తుపాకీ గొట్టాన్ని ఎవరూ ఏ పరీక్షా చేసి చూడలేదు. తుపాకీ మందు కాలాక లోపల మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన కొండల మీద మంచూ వానా ఎక్కువ. గొట్టం పైకి నూనె రాసి తళతళలాడుతున్నా లోపల తుప్పు తినేస్తూనే ఉంటుంది. అది ఎంత పలచబడిందో కంటికి కనపడదు. దాన్ని బాగుచేసే పని కొలిమిది కాదు, ఎవరిదీ కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగే దారి ఉంచింది. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. తయారు చేయడం ఇంకా పెద్ద నేరం. 2019 సవరణ తర్వాత తయారీకి కనీస శిక్షే ఏడేళ్ల జైలు. పంది మాంసం కోసం పోయిన కుర్రాడి మీద 1972 వన్యప్రాణి చట్టం కేసు కూడా పడుతుంది. కోర్టు వాయిదాలకి కొండ దిగి తిరగడంతోనే ఇంటి సంపాదన కరిగిపోతుంది.

పాతకాలపు తుపాకీ ఎక్కడైనా అటక మీద దొరికితే, అది ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఎప్పుడో తాత కూరిన మందు లోపల ఉండవచ్చు. గొట్టంలోకి తొంగి చూడకండి, పొడిచి చూడకండి, పొయ్యి దగ్గర పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. దాన్ని కదపకుండా, ఊరి పెద్దల్ని ముందుంచుకొని పోలీసులకి కబురు చేసి అప్పగించండి.

మన కుర్రాళ్లలో కొందరికి తుపాకీ అంటే పౌరుషం. సీతారామరాజు పేరు చెబుతారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తుపాకులు తీసుకున్నది నిజమే. గాం గంటందొర, గాం మల్లుదొర ఆయన వెంట నడిచారు. ఆ తుపాకులు ఎందుకు పట్టారో కూడా చెప్పండి. అడవిలోకి పోనివ్వని చట్టాల మీద, ఘాటీ రోడ్డు వేయించిన వెట్టి మీద పట్టారు. పేడనీళ్లకి భయపడి పట్టలేదు.

ఇక మా మావ సంగతి. గాయం మానాక అతను ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. వరి కోతలొచ్చాయి. కోతలో ఎడమ చెయ్యి దుబ్బును పట్టాలి, కుడి చెయ్యి కోయాలి. రెండు వేళ్లతో దుబ్బు అందదు. అత్త ఒక్కతే కోస్తోంది.

అయ్య రెండు రోజులు మావ ఇంటికి పోయి ఊరికే కూర్చున్నాడు. మూడో రోజు మావ ఎడమ చేతిని బూడిదలో అద్ది పలక మీద అచ్చు తీశాడు. తర్వాత కొలిమి వెలిగించాడు. లారీ కమాన్ పట్టీ ముక్కని సాగగొట్టి కొడవలి చేశాడు. మామూలు కొడవలి వంపు కుడి చేతికి ఉంటుంది. ఇది తిరగేసిన వంపు. కక్కులు కూడా రెండో ముఖం మీద కోశాడు. పిడి లావుగా చెక్కి, బొటనవేలికి గాడి, చిటికెనవేలికి తోలు పట్టీ పెట్టాడు. ఇప్పుడు ఎడమ చెయ్యి కోయాలి, కుడి చెయ్యి దుబ్బును పట్టాలి. మొదటి పిడి చేతికి ఒరుసుకుంది. రెండోది జారిపోయింది. మూడో పిడి కుదిరింది. మావ ఆ ఏడు ఆలస్యంగానైనా తన మడి తానే కోశాడు. అయ్య ఆ కళ్లంలో మేర తీసుకోలేదు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా గొట్టం ముట్టుకోలేదు.

ఆ పని చూసిన రోజుల్లో నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తాయి.

కత్తిని సానరాయి మీద నీళ్లు చల్లి నూరండి. మొదట్నించి చివరిదాకా ఒకే వాలు ఉంచండి. కరెంటు చక్రం మీద పెడితే మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలం తిరిగితే పదును పోయినట్టే, ఎంత నూరినా నిలవదు. చక్రం దగ్గరికి మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ, వదులు చొక్కా వద్దు. కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

గొడ్డలి కామ వదులైతే నీళ్లలో నానబెడతారు. అది ఆ పూటకి బిగుస్తుంది, ఆరాక మళ్లీ ఊడుతుంది. ఊడిన గొడ్డలి ఎదుటివాడి మీదికి పోతుంది. చీలిక కొట్టి బిగించడమే సరైన పని. కామకి తడ కర్ర మంచిది. నరం సూటిగా ఉన్నది ఏరి, నీడలో నెలల తరబడి ఆరనిచ్చి చెక్కాలి. పచ్చి కర్ర వాడితే ఎండాక వదులవుతుంది.

ఉలి తల సుత్తి దెబ్బలకి పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచుల్ని అరగదీయండి. లేకపోతే ఆ పెళుసు ముక్కే కంట్లో పడుతుంది. ఆకురాయిని పిడి లేకుండా పట్టకండి, దాని తోక అరచేతిలో దిగుతుంది. ముందుకి తోసేటప్పుడే అదిమి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తండి.

పని అయ్యాక ఇనుముని తుడిచి, ఆరబెట్టి, ఇప్పనూనె పలచగా రాయండి. కామలకి వలిసె నూనె పట్టించండి. రెండూ మన ఇళ్లలో దొరికేవే. కాఫీ మొక్కల కొమ్మలు మొద్దు కత్తితో కోస్తే బెరడు చీలుతుంది, ఆ గాయంలోంచి తెగులు పోతుంది. పదునైన కత్తి చెట్టుకీ మేలు, చేతికీ మేలు. మొద్దు కత్తికే ఎక్కువ బలం పెడతాం, జారేది అప్పుడే.

ఉపాధ్యాయ మిత్రులకి ఒక మాట. మన బడి పిల్లల ఇళ్లలో ఈ పనిముట్లన్నీ ఉన్నాయి. పుస్తకంలో లఘుకోణం చెప్పేటప్పుడు కొడవలి అంచు చూపించండి. తుప్పు పాఠం చెప్పేటప్పుడు ఒక మేకుకి ఇప్పనూనె రాసి, ఒక మేకుని వట్టిగా వదిలి, నెల రోజులు వానలో ఉంచి చూపించండి. మా పాఠశాలలో ఒక చెక్క పెట్టె పెట్టాం. సుత్తి, ఆకురాయి, సానరాయి, పట్టకారు, రంపం ఉంటాయి అందులో. ఆదివారాల్లో పిల్లలే తీసి, తుడిచి, లెక్కపెట్టి పెడతారు.

అయ్య పోయి చాలా ఏళ్లయింది. కొలిమి చల్లారింది. సంతలో ఫ్యాక్టరీ కొడవళ్లు చవగ్గా దొరుకుతున్నాయి. కానీ ఎడమ చేతి కొడవలి ఏ సంతలోనూ లేదు.

పోయిన కోతలకి మావ ఇంటికి వెళ్లాను. కొడవలి అరిగి సగమైంది. కక్కులు వెయ్యమని నా చేతికిచ్చాడు. అయ్య ఆకురాయి నా దగ్గరే ఉంది. పిడికి నూనె పట్టించి ఇచ్చాక అంచుని వేలితో తడిమి చూసి, "మీ అయ్యంత రాలేదు గానీ, కోస్తది" అన్నాడు.

ఇప్పుడు పిల్లలు "తుపాకీ చెయ్యడం మీకొచ్చా" అంటే, రాదు, కొడవలి నూరడం వచ్చు, రండి నేర్పుతాను అంటున్నాను.