షెకెళ్ల దేశములో ఒక అవ్వ కానుక



2023 ఫిబ్రవరిలో మా ప్రాంతపు విశ్వాసులతో కలిసి ఇశ్రాయేలు దేశము చూచివచ్చే భాగ్యం నాకు కలిగింది. బేత్లెహేము గురించి, ఒలీవల కొండ గురించి, గలిలయ సముద్రం గురించి పలువురు దైవసేవకులు వ్రాయగా మీరు చదివే ఉంటారు. నేను వ్రాయబోయేది ఆ దేశపు డబ్బు గురించి, అందులోనూ చిల్లర గురించి. నవ్వకండి, కారణమున్నది.

మేము బయలుదేరడానికి ముందు ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక అవ్వ నా దగ్గరకు వచ్చింది. విధవరాలు, సంతలో చింతపండు అమ్ముకొని బ్రతుకుతుంది. కొంగుముడి విప్పి పదులూ ఇరవైలూ కలిపి 200 రూపాయలు నా చేతిలో పెట్టి, “అయ్యగారూ, ఆ బీద విధవరాలు రెండు కాసులు వేసిన కానుకపెట్టెలో నా పేరున ఇది వేసి రండి” అన్నది. ఆ దేవాలయం ఇప్పుడు లేదమ్మా అని చెబుదామనుకున్నాను. కాని ఆమె ముఖం చూచి నోరు రాలేదు. ప్రార్థన చేసి తీసుకున్నాను. ఆ నోట్లు ప్రయాణమంతా నా బైబిలులో మార్కు సువార్త 12వ అధ్యాయం దగ్గర ఉండి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

యెరూషలేము పాత పట్టణంలో యొప్పే గుమ్మం దాటి లోపలికి వెళ్లగానే డబ్బు మార్చే అంగళ్లు కనిపించాయి. రూకలు మార్చువారు ఇంకా అక్కడే ఉన్నారని మావాళ్లలో ఒకరు అంటే అందరం నవ్వుకున్నాము. మన గాంధీగారి నోట్లు చూపితే ఆ అంగడివాడు తల అడ్డంగా ఊపాడు. డాలర్లయితేనే మారుస్తాడట. నా దగ్గరున్న డాలర్లు ఇచ్చి షెకెళ్లు తీసుకున్నాను. మా బృందంలో లెక్కలు చూచే పెద్దాయన ఒక షెకెలు 23 రూపాయలుగా లెక్క కట్టారు. అంటే అవ్వ 200 రూపాయలకు ఎనిమిదిన్నర షెకెళ్లు, పైన కొంచెం చిల్లర.

షెకెలు అనగానే మనకు పేతురు పట్టిన చేప జ్ఞాపకం వస్తుంది. అయితే పాత నిబంధనలో ఆ మాట మన తెలుగువారికి అంతగా కనబడదు. మన బైబిలును తర్జుమా చేసినవారు అక్కడ ‘తులము’ అని వ్రాశారు. అబ్రాహాము మక్పేలా పొలానికి తూచి ఇచ్చినది 400 తులముల వెండి. యిర్మీయా అనాతోతులోని పొలం కొన్నది 17 తులములకు. హెబ్రీలో రెండు చోట్లా ఉన్నది షెకెలే. తూచుట అనే మాటలోనుండి పుట్టిన పేరు అది. ఆ కాలంలో నాణెము లేదు, త్రాసు ఉండేది. యూదయ త్రవ్వకాలలో దొరికిన షెకెలు తూనికరాళ్లు పదకొండు గ్రాములకు కొంచెం పైన తూగుతాయి. మన పాత తులము 11.66 గ్రాములు. ఇంత దగ్గరగా ఉన్న తూనికను పట్టుకున్న ఆ తర్జుమాదారులకు వందనములు. ఈ రోజు బంగారు కొట్టులో తులమంటే 10 గ్రాములే ఇస్తున్నారు, అది వేరే సంగతి.

ఆ రాత్రి బసలో మంచం మీద తువాలు పరచి నాణెములన్నీ వరుసగా పెట్టుకొని చూచాను. ఒక షెకెలు బిళ్ల మన పాత పావలా కంటె చిన్నది. దాని మీద ఒక లిల్లీ పువ్వు, ప్రక్కన పాత హెబ్రీ అక్షరాలలో ‘యెహూద్’ అనే మాట. పారసీక రాజుల కాలంలో, అంటే ఎజ్రా, నెహెమ్యా తిరిగివచ్చి కట్టుకున్న ఆ చిన్న పరగణాలో ముద్రించిన నాణెపు బొమ్మ అది. అరషెకెలు మీద సితారా ఉన్నది. దానిని ఒక పురాతన ముద్రనుండి తీసుకున్నారు. ఆ ముద్ర నిజమైనదా కాదా అని పండితులకు సందేహమున్నది. రెండు షెకెళ్ల బిళ్ల 2007 చివరలో వచ్చినది. పండ్లు నిండిన జోడు కొమ్ములు, మధ్యలో దానిమ్మకాయ. అయిదు షెకెళ్ల బిళ్లకు పన్నెండు అంచులు, దాని మీద రాజుల కాలపు స్తంభము తల. పది షెకెళ్ల బిళ్ల రెండు లోహాలతో, మన పది రూపాయల బిళ్లలాగే ఉంటుంది. దాని మీద ఏడు మట్టల ఖర్జూరపు చెట్టు, రెండు ఖర్జూరపు బుట్టలు, ‘సీయోను విమోచనకు’ అనే మాట.

ఈ ఖర్జూరపు చెట్టు దగ్గర నేను చాలాసేపు ఆగాను. రోమీయుల మీద యూదులు తిరుగబడిన నాలుగవ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 69లో, ముట్టడికి ముందు కొట్టిన నాణెము మీది బొమ్మ అది. మరుసటి సంవత్సరం పట్టణము పడిపోయింది, దేవాలయము కాలిపోయింది. అప్పుడు రోమా చక్రవర్తి వెస్పాసియను తన నాణెము మీద అదే ఖర్జూరపు చెట్టును వేయించి, దాని క్రింద ఏడుస్తూ కూర్చున్న స్త్రీని చేర్చాడు. యూదయ పట్టుబడినది అని ప్రక్కన వ్రాయించాడు. ఈనాటి దేశం ఆ స్త్రీని తీసివేసి చెట్టును మళ్లీ పెట్టుకున్నది.

పిల్లలు ఇష్టపడేది మాత్రం పది అగొరాల బిళ్ల. షెకెలులో నూరవ వంతు అగొరా. 1 సమూయేలు 2:36లో ఏలీ ఇంటివారిని గూర్చి చెప్పిన చోట మనము ‘వెండిరూక’ అని చదివే మాటలోనుండి ఆ పేరు తీసుకున్నారు. ఇత్తడి రంగులో షెకెలు కంటె పెద్దదిగా ఉంటుంది, విలువ మాత్రం అందులో పదవ వంతే. దాని మీద ఏడు కొమ్మల దీపస్తంభము. హస్మోనీయులలో చివరి రాజు మత్తతీయ అంతిగొను వేయించిన బొమ్మ అది. అతనిని రోమీయులు చంపించారు, అతని తరువాత రాజ్యమేలినవాడు హేరోదు.

ఈ షెకెలు కూడ మొదటిది కాదు. 1980లో పాత లీరాను తీసివేసి షెకెలు తెచ్చారు. ధరలు ఎంతగా పెరిగాయంటే 1984 ఒక్క సంవత్సరంలోనే నాలుగు వందల శాతం దాటాయి. 1985లో వెయ్యి షెకెళ్లకు ఒక కొత్త షెకెలు ఇచ్చి మళ్లీ మొదలుపెట్టారు.

ఇక నోట్లు నాలుగే: ఇరవై, యాభై, నూరు, రెండు వందలు. వాటి మీద రాజూ లేడు, మంత్రీ లేడు. నలుగురూ కవులు, అందులో ఇద్దరు స్త్రీలు. ఎర్రని ఇరవై నోటు మీద రాహేలు అనే కవయిత్రి, వెనుక గలిలయ సముద్రపు ఒడ్డు. 1931లో క్షయవ్యాధితో చనిపోయిన ఆమెను ఆ ఒడ్డునే పాతిపెట్టారు. మేము పడవ ఎక్కిన దినమున ఆ నోటు తీసి ఎదుటి నీళ్లతో పోల్చి చూచుకున్నాను.

మరి అవ్వ కానుక? దేవాలయపు కొండ దగ్గరకు వెళ్లాను. పైన ముసల్మానుల బంగారు గోపురమున్నది, క్రింద పడమటి గోడ. కానుకపెట్టె ఉండిన స్త్రీల ఆవరణము లేదు. దేవాలయపు పన్నుగా తలకు అరషెకెలు చెల్లించే రోజులలో అక్కడ తీసుకున్నది తూరు పట్టణపు వెండి నాణెము. వెండి మేలిమిదని దానిని కోరేవారు. కాని దాని మీద ఉన్నది మెల్కర్తు అనే అన్యదేవత తల. సీజరు బొమ్మను గూర్చి ప్రభువును శోధించిన ఆ ఊరిలోనే అన్యదేవత బొమ్మ కానుకలో చెల్లింది. అక్కడ నిలబడి ఇది తలచుకొనగా, అవ్వ డబ్బును ఏదో ఒక గోడ ప్రక్కన వదలి రావడానికి మనసొప్పలేదు.

శనివారమున తెల్ అవీవ్ దక్షిణ భాగంలో మన తెలుగువారు కూడుకొనే గదికి మమ్మును తీసుకువెళ్లారు. అక్కడ శెలవు శనివారమే కనుక పరదేశ కూలీలకు ఆరాధన దినము కూడ అదే. ఎక్కువమంది తెలంగాణా జిల్లాల నుండి వచ్చి, ఇండ్లలో వృద్ధులను చూచుకొనే పని చేస్తున్నవారు. ఒక సహోదరి తన పిల్లను ఆరేండ్లుగా ఫోనులోనే చూస్తున్నానని సాక్ష్యం చెప్పింది. కానుక సంచి నా ముందుకు వచ్చింది. అయిదు బిళ్ల ఒకటి, రెండు బిళ్ల ఒకటి, ఒకటి, అర. ఎనిమిదిన్నర. అగొరాల చిల్లర ఆ వేళ నా జేబులో లేదు. తొమ్మిది చేసి వేద్దామా అనుకున్నాను. అప్పుడది ఆమె కానుక కాదు, కొంత నాది అవుతుంది. ఉన్నదే వేశాను. ఆ సంచిలోని డబ్బు ఆ నెల వీసా పోయి చిక్కులో పడిన ఒక సహోదరుని తిరుగు ప్రయాణానికి అని ప్రకటించారు. అదే సంవత్సరము అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలైన వార్త విన్నప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది గోడ కాదు, సమాధి కాదు, ఆ గది.

ఇంటికి వచ్చిన ఆదివారము అవ్వ దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దేవాలయం లేదని, కానుకపెట్టె లేదని, డబ్బు ఎవరికి చేరిందని. ఆమె మాట్లాడలేదు. విమానాశ్రయంలో చిల్లరగా వచ్చిన పది అగొరాల బిళ్ల ఒకటి ఆమె కోసం తెచ్చాను. దీపస్తంభము మీద బొటనవేలితో రుద్ది చూచింది.

“వాళ్లకు అక్కడ మన మాటలోనే వాక్యం చెప్తారా అయ్యగారూ?” అని అడిగింది. చెప్తారన్నాను.

“అయితే సరే. ఎనిమిదిన్నర అంటే మన లెక్కలో ఎంత?”

“నూట తొంబై అయిదున్నర, అవ్వా.”

“ఈ బిళ్ల?”

“రెండు రూపాయల ముప్పై పైసలు.”

సంతలో లెక్కలు చేసిన మనిషి. ఒక్క క్షణం కళ్లు మూసుకొని, “ఇంకా రెండు రూపాయల ఇరవై పైసలు మీ దగ్గరే ఉన్నవి” అన్నది.

జేబులో వెదకి రెండు రూపాయల బిళ్ల ఇచ్చాను. ఇరవై పైసలు వదిలేసింది. రెండు బిళ్లలూ కలిపి కొంగున ముడి వేసుకొని సండే స్కూలు పిల్లలను ప్రక్కకు జరగమంటూ వెళ్లి తన చోట కూర్చున్నది.